ఆస్పత్రి ఒక్కరోజు, ఇల్లు ఇరవై రోజులు

మా బావ దగ్గర రెండు నోటుబుక్కులు ఉండేవి. ఒకటి చెరువుది. దివిసీమలో వనామీ రొయ్య వేసే ఏ రైతు ఇంట్లో చూసినా ఉండేదే: పిల్ల వదిలి ఎన్నో రోజు, పొద్దున మేత ఎంత, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంత, ఏ ఏరేటరు ఆగింది. రెండోది మా అక్కది. రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలి, ఆపరేషన్ అయి, కీమో మొదలుపెట్టిన సాయంత్రం కొత్త పుస్తకం తీసి అందులోనూ అవే గళ్లు గీశాడు. పైన "ఒకటో రోజు" అని రాశాడు. చెరువుకు పిల్ల వదిలింది ఒకటో రోజు, అక్కకు మందు ఎక్కించింది ఒకటో రోజు.

చాలా రకాల కీమోను 21 రోజులకు ఒకసారి ఇస్తారు. సైకిల్ అనే ఆ 21 రోజుల్లో మనిషి ఆస్పత్రిలో ఉండేది ఒక్కరోజు, ఒక్కోసారి పూట మాత్రమే. తక్కిన ఇరవై రోజులూ వైద్యం ఇంట్లోనే నడుస్తుంది. వాంతులయ్యేది ఇంట్లో, నోరు పూసేది ఇంట్లో, తెల్లకణాలు పడిపోయేది ఇంట్లో. ఆ ఇరవై రోజుల వార్డుకు నర్సు ఎవరయ్యా అంటే చదువు లేని, జీతం లేని, డ్యూటీ దిగడమన్నది లేని మొగుడో పెళ్లామో. ఈ పనిని మనవాళ్లు "కనిపెట్టుకుని ఉండటం" అంటారు. ఎంత గట్టి మాటో చూడండి. తోడుండటం, గమనించడం, కొత్త సంగతి తేల్చడం, మూడూ అందులోనే ఉన్నాయి. తోడుండటం గురించి కథలు, సినిమాలు చాలానే వచ్చాయి. గమనించడం మందులా పనిచేస్తుందన్నది మాత్రం శాస్త్రం ఈమధ్యనే లెక్కగట్టింది.

న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ అని పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అక్కడ ఈథన్ బాష్ అనే డాక్టరు, ఆయన బృందం కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపుకు అదే వైద్యంతోపాటు ఒక చిన్న పని: వాంతి, నొప్పి, ఆయాసం, నీరసం లాంటి పన్నెండు బాధలు ఎంతెంత ఉన్నాయో తామే కంప్యూటర్లో నమోదు చేయాలి. బాధ ముదిరితే నర్సుకు కబురు వెళ్తుంది. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. మామూలు గుంపులో సగం మంది 26 నెలలు దాటి బతికితే, రాసి పంపిన గుంపులో సగం మంది 31.2 నెలలు దాటి బతికారు. మధ్యలో ఉన్న ఐదు నెలలు ఏ కొత్త మందువీ కావు. బాధ చిన్నదిగా ఉన్నప్పుడే డాక్టరు చెవిన పడటం వల్ల వచ్చినవి. లక్షలు పోసి కొనే కొన్ని మందులు అంత కూడా ఇవ్వవు.

మా బావకు ఈ అధ్యయనం సంగతి తెలియదు. చెప్పినా "ఇందులో వింతేముంది, ట్రే చూడకుండా మేత వేస్తామా?" అనేవాడు.

గుడివాడ వైపు వాళ్లకు క్యాన్సర్ అనగానే గుర్తొచ్చే పేరు ఒకటుంది. నిమ్మకూరు ఎన్టీ రామారావుగారు మేనమామ కూతురిని చేసుకున్నారు, ఆవిడది కొమరవోలు. ఆయన 1983లో ముఖ్యమంత్రి అయ్యారు. 1985లో ఆవిడ క్యాన్సర్‌తో పోయారు. ఆవిడ పేరనే హైదరాబాదులో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆస్పత్రి లేచింది. 2000 జూన్ 22న ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించేనాటికి ఎన్టీఆర్ పోయి నాలుగేళ్లు దాటింది. ఆ ఆస్పత్రి వెనక నిలబడ్డవాళ్లలో నోరి దత్తాత్రేయుడుగారిది మన మంటాడే. నేను పైన చెప్పిన మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లోనే ఒకప్పుడు రేడియేషన్ వైద్యుడిగా పనిచేశారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. భార్య పోయిన బాధ ఒక ఆస్పత్రి కావడం అందరికీ సాధ్యమయ్యేది కాదనుకోండి. మిగతావాళ్లకు అది నోటుబుక్కు అయితే చాలు.

అసలు కీమో అంటే ఏమిటో చెప్పడానికి గోదావరి జిల్లా భీమవరం వెళ్లాలి. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ అది. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏకు నకలు తీసుకోవాలి, నకలు తీయాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి అచ్చం అలాగే కనిపించే దొంగ ఫోలిక్ ఆమ్లాన్ని లోపలికి పంపితే? కణం దాన్ని అసలుదనుకుని పట్టుకుంటుంది, చీలలేక ఆగిపోతుంది. సుబ్బారావు బృందం అందించిన అలాంటి మందు అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చారు. పది మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. 1948లో ఆ సంగతి లోకానికి తెలిసింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.

తర్వాత వచ్చిన కీమో మందులు వేరువేరు దారుల్లో పనిచేసినా గురి ఒక్కటే, వేగంగా చీలే కణం. చిక్కంతా అక్కడే ఉంది. ఒంట్లో వేగంగా చీలేవి క్యాన్సర్ కణాలే కావు. జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మూలుగ, ఇవన్నీ రాత్రీ పగలూ చీలుతూనే ఉంటాయి. మందుకు వీటికీ వాటికీ తేడా తెలియదు. అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి. ఇవన్నీ ఒకేరోజున జరగవు, ఒక్కోదానికి ఒక్కో తిథి. వాంతులు మొదటి వారంలో, నోటిపూత వారం దాటాక, తెల్లకణాలు అడుగంటేది ఏడు నుంచి పద్నాలుగో రోజు మధ్య, జుట్టు మొదటి మందు పడ్డ రెండు మూడు వారాలకు. పంటకాలం తెలిసినవాడికి ఇది పంచాంగం లాంటిదే. రెండో సైకిల్‌కల్లా బావ పుస్తకంలో అక్కకు ఏ రోజు ఏమవుతుందో ముందే రాసి ఉండేది.

న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. క్రిములు దూరిన చోటికి ముందుగా పరిగెత్తేవి ఇవే. రక్తంలో వీటి ఆయుష్షు ఒక్కరోజు కూడా ఉండదు. అందుకని మూలుగ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేసి పంపుతూ ఉంటుంది. కీమో ఆ కార్ఖానాను కొన్నాళ్లు మూసేస్తుంది. పాత సరుకు అయిపోతుంది, కొత్తది రాదు. మైక్రోలీటరు రక్తంలో 1500కు పైగా ఉండాల్సినవి 500 కంటే దిగువకు పడితే ఒంటికి కావలి లేనట్టే. అప్పుడు ఎక్కువసార్లు దాడి చేసేది బయటినుంచి వచ్చిన క్రిమి కాదు, మన పేగుల్లో, నోట్లో ఏళ్ల తరబడి బుద్ధిగా కాపురం ఉంటున్నదే. పొర చిల్లు పడగానే అది రక్తంలోకి దూకుతుంది. ఇంకో మోసం ఏమిటంటే, చీము పట్టాలన్నా న్యూట్రోఫిల్సే కావాలి. అవి లేనప్పుడు వాపు ఉండదు, చీము ఉండదు, కొన్నిసార్లు జ్వరం ఒక్కటే గుర్తు.

రెండో సైకిల్ పదకొండో రోజు రాత్రి పదిన్నరకు అక్క దుప్పటి లాక్కుని ముడుచుకుంది.

"ఏం, చలిగా ఉందా?"

"అబ్బే, ఏం లేదండీ. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. డోలో వేసుకుని పడుకుంటే పోతుంది."

"మాత్ర తర్వాత. ముందు థర్మామీటరు పెట్టుకో."

100.8 చూపించింది. కీమో తీసుకుంటున్నవాళ్లకు 100.4 దాటితే అది ఆస్పత్రికి పోవాల్సిన జ్వరం. తెల్లారాక కాదు, అప్పుడే. వెళ్లిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. అక్క అన్నట్టు ముందే పారాసిటమాల్ వేసుకుని ఉంటే జ్వరం దిగేది, లోపల క్రిములు మాత్రం తమ పని తాము చేసుకుపోయేవి. ఉన్న ఒక్క గుర్తునూ చెరిపేసుకోవడం అన్నమాట. ఊళ్లో కారు మాట్లాడుకుని కరకట్ట మీద ఆ చీకట్లో విజయవాడ చేరేసరికి ఒంటిగంట దాటింది. క్యాజువాల్టీలో చీటీ తీసుకుని వరుసలో కూర్చోమన్నారు. బావ కూర్చోలేదు. పుస్తకం తెరిచి డ్యూటీ డాక్టరు బల్ల మీద పెట్టి ఒక్క ముక్క చెప్పాడు: "కీమో పేషెంటండి, మందు పడి పదకొండో రోజు, జ్వరం నూటొకటికి దగ్గర, ఇంకా మాత్ర వేయలేదు." ఆ కుర్ర డాక్టరు లేచి నిలబడ్డాడు. తెల్లారి రిపోర్టు వచ్చింది, న్యూట్రోఫిల్స్ 300. నాలుగు రోజులు ఉంచి పంపారు.

"ఏరేటరు ఆగితే పొద్దున్నే చూద్దాంలే అని పడుకుంటామా?" అన్నాడు నాతో, ఇంటికొచ్చాక. మూడింటికి ఏరేటరు ఆగిన చెరువులో తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోయి ఉంటుంది. ఆయనకు గంట విలువ చెప్పాల్సిన పని లేదు.

ఆ తర్వాతి సైకిల్ నుంచి కీమో మర్నాడు తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ రాశారు. మూలుగలో కార్ఖానా తలుపులు తొందరగా తెరిపించే మందు అది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. విజయవాడలో కొని నాగాయలంక దాకా తేవాలి, ఇంట్లో కరెంటు పోతే కాపాడాలి. బావ దగ్గర థర్మోకోల్ డబ్బాలకు కొదవా, ఐసుకు కొదవా! తీసుకెళ్లి ఐసు గడ్డల మధ్య పెట్టబోతుంటే మందుల షాపు అబ్బాయి ఆపాడు. ఇది ప్రొటీన్ మందు, గడ్డకడితే పాడవుతుంది. రొయ్యకు ఐసు తగలాలి, దీనికి తగలకూడదు. మధ్యలో తువాలు మడత వేసి తెచ్చాడు. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ మన ఊరి భాషలో రాసి ఉండవు.

వాంతుల సంగతి. కీమో పడగానే పేగుల్లోని కొన్ని కణాలు సెరొటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి, అది నరం ద్వారా మెదడులో వాంతి కేంద్రాన్ని తడుతుంది. ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర ఆ నరం చివర తాళం వేస్తుంది. అయితే రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వచ్చే వాంతులు వేరు, అవి మెదడులోని ఇంకో రసాయనం వల్ల వస్తాయి, వాటికి వేరే మాత్రలు. "మొన్న మందు పడ్డరోజు ఏం కాలేదు కదా" అని మూడోరోజు మాత్ర మానేయడం మన ఇళ్లలో మామూలు. వాంతి వచ్చాక కాదు, రాకముందే గడియారం చూసి వేయాల్సిన మాత్ర అది. మొదటి సైకిల్లోనే వాంతుల్ని అదుపు చేయకపోతే ఇంకో చిక్కు. మెదడు వాంతినీ ఆస్పత్రినీ కలిపి గుర్తు పెట్టుకుంటుంది. గంట మోగితే చొంగ కార్చిన పావ్‌లోవ్ కుక్క కథే. మూడో సైకిల్‌కు వెళ్తూ యనమలకుదురు దాటగానే అక్కకు కడుపులో తిప్పింది, మందు ఇంకా సీసాలోనే ఉంది. డాక్టరుకు చెబితే నవ్వలేదు, బయల్దేరే ముందు వేసుకోమని ఒక మాత్ర రాశారు.

తిండి దగ్గర మాత్రం మొగుడూ పెళ్లాలు నిజంగా పోట్లాడుకుంటారు. నాలుక మీద రుచి కణాలు పది రోజులకోసారి కొత్తవి పుడుతుంటాయి, కీమో వాటినీ వదలదు. అన్నం ఇనప ముక్క నమిలినట్టు ఉంటుంది. చేపల పులుసు కాగుతుంటే ఇంట్లో నిలవలేరు. దివిసీమలో చేపల పులుసు వాసనకు డోకు రావడమంటే మా అక్కకు తన మీద తనకే జాలేసింది. బావ పొయ్యి పెరట్లోకి మార్చాడు. వేడి తిండికి వాసన ఎక్కువ, చల్లారితే తక్కువ. పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు, చల్లారిన ఇడ్లీ, రెండేసి గంటలకు గుప్పెడు. దీనికి తోడు వీధి వైద్యం. పాలు మానెయ్యమని ఒకరు, గుడ్డు వేడి చేస్తుందని ఒకరు, చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో మాడి చస్తుందని వాట్సాప్. చక్కెర మానేసినా ఒళ్లు తనకు కావాల్సిన గ్లూకోజు తానే తయారుచేసుకుంటుంది, క్యాన్సర్ దాన్నే తింటుంది. మానేయడం వల్ల కరిగేది మనిషి కండ. కిలో బరువుకు గ్రాముకు తగ్గకుండా, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా ప్రొటీన్ వెళ్లాలి. 55 కిలోల ఆడమనిషికి అది 55 నుంచి దాదాపు 82 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పథ్యం పేరుతో గుడ్డూ చేపా ఆపేసిన ఇంట్లో ఈ లెక్క ఎలా తేలుతుంది?

జబ్బు బాగా ముదిరినప్పుడు వచ్చే చిక్కిపోవడం మాత్రం వేరు. అప్పుడు ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. గడ్డ వల్ల రేగిన రసాయనాలు కండను కరిగిస్తాయి, జీడీఎఫ్-15 అనే ప్రొటీన్ మెదడుకు చేరి ఆకలినే చంపేస్తుంది. 2024లో ఆ ప్రొటీన్‌ను పట్టుకునే పోన్‌సెగ్రోమాబ్ అనే మందుతో రోగుల బరువు పెరిగినట్టు ఒక ప్రయోగంలో తేలింది. ఆ స్థితిలో ఉన్న మనిషి "వద్దు" అంటే అది మొండితనం కాదు, ప్రేమ తగ్గడమూ కాదు. "నా కోసం రెండు ముద్దలు తిను" అని బలవంతం చేసే భర్తకు ఈ ఒక్క సంగతి తెలిస్తే కంచం దగ్గర ఏడుపులు సగం తగ్గుతాయి.

రేడియేషన్‌ను మన వైపు "కరెంటు పెట్టడం" అంటారు. డాక్టర్లు వినీ వినీ వాళ్లూ అదే మాట వాడతారు. మరీ తప్పేం కాదు. ఆ యంత్రం కరెంటుతో ఎలక్ట్రాన్లను విపరీతమైన వేగంతో పరిగెత్తించి లోహపు బిళ్లకు గుద్దిస్తుంది, అందులోంచి బలమైన ఎక్స్‌రేలు వస్తాయి. ఒంటికి తగిలేవి అవి, కరెంటు కాదు. షాకు కొట్టదు, ఒంట్లో ఏమీ మిగలదు. ఇంటికొచ్చి మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఉన్న కష్టమల్లా రోజూ వెళ్లాల్సి రావడం, వారానికి ఐదు రోజులు, మూడు నుంచి ఆరు వారాలు. బల్ల మీద పడుకునేది నిమిషాలు, దారి గంటలు. బందరు, గుడివాడ వాళ్లకు విజయవాడ రైలు ఉంది. అవనిగడ్డ వాళ్లు కరకట్ట పట్టుకుంటారు, లేదంటే పులిగడ్డ, పెనుమూడి వంతెన దాటి రేపల్లె మీదుగా గుంటూరు పోతారు. అక్కడి ప్రభుత్వాస్పత్రిలో 2020లో నాట్కో క్యాన్సర్ సెంటర్ వచ్చింది. దూరప్రయాణాలకు రైల్వే ఇచ్చే రాయితీ చాలామందికి తెలియదు: స్లీపర్, థర్డ్ ఏసీలో క్యాన్సర్ రోగికి టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. తోడు కూడా వైద్యంలో భాగమేనని రైల్వేవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. ఖర్చు సంగతికొస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారుతుంది, అడిగే జిరాక్సులు మారవు. ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గర నిలబడటం కూడా తోడు వచ్చినవాళ్ల డ్యూటీయే.

గడ్డ తీసిన కొత్తలో పది రోజులు అక్కకు అసలు సంగతి చెప్పలేదు. "మామూలు గడ్డే, తీసేశారు" అన్నాం అందరం. ఇలా ఒకరిని కాపాడటానికి ఇంకొకరు బాధను దాచుకోవడాన్ని మనస్తత్వ శాస్త్రంలో ప్రొటెక్టివ్ బఫరింగ్ అంటారు. ఒకసారి మొదలైతే రెండోవాళ్లూ దాచడం మొదలుపెడతారు, ఇద్దరూ ఒకే మంచం మీద విడివిడిగా భయపడుతుంటారు. దాచేవాళ్ల దిగులే ఎక్కువవుతుందని అధ్యయనాలు చెబుతాయి. అక్క మూడోరోజే మందుల చీటీ మీద ఆంకాలజీ అన్న మాట చూసింది, మేనకోడలిని అడిగి అర్థం తెలుసుకుంది. వారం ఓపిక పట్టి ఒక రాత్రి బావతో అంది: "నాకు తెలుసండీ. మీ నాటకం చూడలేక చెబుతున్నా." ఆ రాత్రే వాళ్లిద్దరూ లెక్కలన్నీ మాట్లాడుకున్నారట, పొలం సంగతి, అమ్మాయి పెళ్లి సంగతి, జుట్టు సంగతి.

జుట్టు చిన్న విషయం కాదు. మన దగ్గర ఆడదాని బోడితలకు ఒక పాత, పాడు అర్థం ఉంది. అది భర్త పక్కన ఉండగా మోయాల్సి రావడం ఇంకా కష్టం. ఎవరైనా అడిగితే "మోపిదేవిలో మొక్కు తీర్చుకున్నా" అనేది అక్క. బావ నిజంగానే మోపిదేవి వెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు, అబద్ధం కాకుండా ఉండటానికి.

ముట్టుకుంటే అంటుకుంటుందేమోనని కంచం, గ్లాసు వేరుపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. క్యాన్సర్ అంటుకోదు. జాగ్రత్త పడాల్సింది మందుతో. కీమో పడ్డాక 48 గంటల పాటు మూత్రం, వాంతి, విరేచనంలో మందు కొంత బయటికొస్తుంది. ఎర్రటి మందు పడితే మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, రక్తమని కంగారు పడనక్కర్లేదు. ఆ రెండు రోజులు శుభ్రం చేసేటప్పుడు చేతికి గ్లవుజులు, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు, గుడ్డలు విడిగా ఉతకడం. అంతే. మనిషిని దూరం పెట్టడం కాదు. అమెరికాలో జేమ్స్ కోన్ అనే శాస్త్రవేత్త 2006లో 16 మంది పెళ్లయిన ఆడవాళ్లను స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కాలికి చిన్న షాకు కొట్టబోతున్నామని భయపెట్టి మెదడును చూశారు. ఎవరూ చేయి పట్టుకోనప్పుడు మెదడులో భయం జాగాలు గట్టిగా వెలిగాయి. ముక్కూమొహం తెలియనివారు పట్టుకుంటే కొంచెం తగ్గాయి. భర్త పట్టుకుంటే ఎక్కువ తగ్గాయి. కాపురం సఖ్యంగా ఉన్నవాళ్లలో మరీ తగ్గాయి. మనవాళ్లు పెళ్లికి పాణిగ్రహణమని ఊరికే పేరు పెట్టలేదనిపించింది నాకు, అది చదివినప్పుడు.

ఇక ఎవరూ అడగని మనిషి గురించి. 1995లో అమెరికాలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం, మతిమరుపు జబ్బున్నవాళ్లను ఇంట్లో చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్ల చేతి మీద చిన్న గాటు పెట్టి మానేదాకా లెక్కపెట్టింది. అదే వయసున్న మిగతా ఆడవాళ్లకు 39 రోజుల్లో మానిన గాయం వీళ్లకు 48 రోజులు దాటింది. ఒత్తిడి వల్ల పెరిగే కార్టిసాల్ గాయం మాన్పే కణాల పనిని మందగింపజేస్తుంది. నాలుగో సైకిల్ అప్పుడు బావ కాలికి చెరువులో చిప్ప గీరుకుని నెలకు పైగా పచ్చిగానే ఉంది. దానికీ దీనికీ ముడిపెట్టను, చెరువు బురదలో నానే కాలు మామూలుగానే తొందరగా మానదు. అయినా గుర్తొచ్చింది. 1999లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో, జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటూ ఆ బరువు తట్టుకోలేకపోతున్న 66 ఏళ్లు దాటినవాళ్లలో నాలుగేళ్లలో చనిపోయే అవకాశం 63 శాతం ఎక్కువని తేలింది. కెనడాలో ముదిరిన క్యాన్సర్ రోగుల్ని, వాళ్ల జీవిత భాగస్వాముల్ని కలిపి చూస్తే దిగులు లక్షణాలు గట్టిగా ఉన్నది రోగుల్లో 23 శాతం మందికి, చూసుకునేవాళ్లలో దాదాపు 39 శాతం మందికి.

చేదు లెక్క ఇంకోటుంది. అమెరికాలో 515 మంది రోగుల్ని చూసిన ఒక అధ్యయనంలో, జబ్బుపడ్డది మగవాడైతే కాపురం విడిపోయింది 2.9 శాతం, ఆడదైతే 20.8 శాతం. మన దగ్గర ఇలాంటివి కోర్టు కాగితాల్లో కనపడవు. "కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి వస్తుంది లెండి" అన్న మాట వెనక దాక్కుంటాయి. మొగుడికి జబ్బు చేస్తే పెళ్లాం చూసుకోవడం వార్త కాదు, పెళ్లానికి చేస్తే మొగుడు గంజి కాస్తే ఊరంతా మెచ్చుకుంటుంది. మా బావను కూడా అలాగే మెచ్చుకున్నారు. అక్క పక్కింటావిడ భర్తను పదేళ్లు మోసింది, ఆవిడను ఎవరూ ఏమీ అనలేదు.

ఆరు సైకిళ్లయ్యాయి. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం అడిగి తీసుకుని తిరగేశాను. జ్వరం, వాంతులు, విరేచనం, తిన్నది, నిద్ర, అన్నీ బావ వంకర రాతలో గళ్లు గళ్లుగా ఉన్నాయి. ఐదో సైకిల్ నుంచి ప్రతి పేజీ అడుగున వేరే రాత కనపడింది, గుండ్రంగా, చిన్నగా. అక్కది. ఆయన చెరువు దగ్గరికి వెళ్లినప్పుడు రాసేదట.

తొమ్మిదో రోజు: బీపీ మాత్ర వేసుకోలేదు. పదో రోజు: రాత్రి మూడుసార్లు లేచారు. పన్నెండో రోజు: మధ్యాహ్నం తిన్నారు, సగం. పదమూడో రోజు: రెండు గంటలు పడుకున్నారు, నేను లేపలేదు.